స్పంజిలోని కాపురస్థులు

మా అనంతపురపు పీఠభూమికిని సముద్రమునకును గల సంబంధము దాయాదుల సంబంధము వంటిది. ఉగాదినాడు పంచాంగము వినిపించు అయ్యవారు వర్షమును పాళ్లు వేసి, సముద్రమునకు ఇన్ని, పర్వతములకు ఇన్ని, భూమికి ఇన్ని అని పంచునప్పుడు పెద్దపాలు ఎత్తుకొనిపోవునది సముద్రమే. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలను దాటునప్పటికే తన నీటిని మలబారునను మలెనాటను దింపివైచి, చాలవఱకు వట్టిగాలియై మా తలలమీదుగా పోవును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున ధారపోయగా మిగిలిన చినుకులే మాకు దక్కును. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన; అదియు సకాలమున వచ్చినచో వచ్చినట్లు.

ఇట్టి చోట పుట్టిన నా చెల్లెలి కూతురు విశాఖపట్టణపు తీరమునకు పోయి, సముద్రపు స్పంజులలో నివసించు బాక్టీరియాలను గూర్చి పరిశోధన చేయుచున్నది. నాలుగేండ్లుగా బంధువులు నన్ను అడుగు ప్రశ్న ఒక్కటే: “కఱవుసీమ పిల్లకు సముద్రపు పురుగులతో ఏం పని?” నన్నే యడుగుటకు కారణము కలదు. ముప్పది యేండ్లు బాలికల పాఠశాలలో ప్రకృతిశాస్త్రము చెప్పినదానను. పిల్లను ఆ దారికి త్రిప్పినది నేనేయని అందఱి నమ్మకము. ఆ నమ్మకమును కాదనను. కాని గడపలో నిలిచి ఒక్కమాటలో చెప్పదగిన సమాధానము కాదు గనుక, తీరికగా ఇచట వ్రాయుచున్నాను.

స్పంజి యనగా పలక తుడుచు మెత్తని ముక్కగనే మనలో పెక్కురకు తెలియును. నేడు అంగళ్లలో దొరకునది కర్మాగారపు నురుగు. అసలు స్పంజి ప్రాణి. దానికి నోరు లేదు, కడుపు లేదు, గుండె లేదు, నరములు లేవు. సముద్రగర్భమున ఒక రాతిని అంటుకొని, ఒడలెల్ల కన్నములతో కదలక కూర్చుండును. చిన్న కన్నములగుండ నీటిని లోనికి లాగి, లోపలి గదులలో వడగట్టి, పెద్ద కన్నమునుండి వెలికి పంపుటయే దాని బ్రతుకు. ఆ గదుల గోడలను వరుసదీరిన కణములు కొరడావంటి తంతువులను ఆడించుచు, రాత్రింబవళ్లు నీటిని త్రోయుచునే యుండును. ఒక కిలోగ్రాము స్పంజి దినమునకు వేలకొలది లీటర్ల నీటిని ఇట్లు వడపోయగలదు. బిందెకు బిందె లెక్కపెట్టి నీళ్లు పట్టుకొను మా వీధి స్త్రీలకు ఈ లెక్క చెప్పితిని, ఎవరును నమ్మలేదు.

ఆ నీటినుండి స్పంజి ఏరుకొని తినునది ముఖ్యముగా బాక్టీరియాలనే. వింత ఏమనగా, బాక్టీరియాలను తిని బ్రతుకు ఈ ప్రాణి దేహములోనే లెక్కకు మిక్కిలి బాక్టీరియాలు నిశ్చింతగా కాపురముండును. కొన్ని జాతులలో దేహపు బరువున ఇంచుమించు మూడవవంతు ఈ కాపురస్థులదే. అద్దెకున్నవారు ఇంతమంది యైనప్పుడు, ఇల్లు ఎవరిదని అడుగవలసి వచ్చును.

వీరెవరో తెలిసికొనుటకు నూఱేండ్లుగా శాస్త్రజ్ఞులు చేసిన పని ఒక విధముగా వంటయే. ఇందులో స్త్రీలు తెలిసికొనదగిన కథ యొకటి కలదు. జర్మనీలో రాబర్టు కాఖ్ ప్రయోగశాలయందు వాల్టర్ హెస్సె అను వైద్యుడు పనిచేయుచుండెను. ఆ కాలమున సూక్ష్మజీవులను పెంచుటకు మాంసరసమును జెలాటినుతో గట్టిపఱచెడివారు. ఎండకు అది కరగిపోయెడిది. కరగనిచో కొన్ని సూక్ష్మజీవులే దానిని తిని నీరుచేసెడివి. హెస్సె భార్య ఫ్యానీ యింట పండ్లపాకము గడ్డకట్టించుటకు సముద్రపు నాచునుండి తీసిన అగారును వాడుచుండెను. మన యంగళ్లలో చైనాగ్రాసు అని అమ్మునది ఇదియే. నీ పాకము ఎండలోను కరగదేమని భర్త యడుగగా ఆమె తన వంటింటి యుపాయమును చెప్పెను. ఇది 1881 ప్రాంతపు మాట. అప్పటినుండి నేటివఱకు ప్రపంచములోని ప్రయోగశాలలన్నియు అగారు పళ్లెములమీదనే సూక్ష్మజీవులను పెంచుచున్నవి. 1882లో కాఖ్ క్షయవ్యాధి బాక్టీరియాను గూర్చి ప్రకటించిన వ్యాసములో అగారు పేరు కలదు. ఆమె పేరు లేదు.

పళ్లెముతో వచ్చిన చిక్కు వేఱొకటి. మనము వడ్డించినది ఇష్టమైనవే పెరుగును, తక్కినవి పెరుగవు. సూక్ష్మదర్శినిలో చూచినచో వేలకొలది కనబడును. పళ్లెముమీద లేచునవి వ్రేళ్లమీద లెక్కింపదగినవి. ఈ వ్యత్యాసమును 1985లో స్టేలీ, కొనోప్కా యను వారు విపులముగా చర్చించిరి. 2001లో ఆస్ట్రేలియాలోని పరిశోధకులు అచటి మహాపగడపు దిబ్బలలోని యొక స్పంజిని పరీక్షించి, దానిలోని బాక్టీరియాలలో నూటికి 0.1 మొదలు 0.23 వఱకు మాత్రమే పళ్లెముపై పెరిగినవని తేల్చిరి. అనగా వేయింట ఒకటి, రెండు. జనాభాలెక్కకు వచ్చిన యుద్యోగి రచ్చబండమీద కూర్చుండి, తన యెదుటికి వచ్చిన వారిని మాత్రము వ్రాసికొని, ఈ యూర ఆడువారు లేరు, గొఱ్ఱెలకాపరులు లేరు, మంచముపట్టిన ముసలివారు లేరు అని నివేదిక పంపినట్లున్నది. వారందఱును ఉన్నారు. ఆయన పిలుపునకు వచ్చువారు కారు, అంతే.

రచ్చబండను విడిచి ఇల్లిల్లు తిరుగుటయే ఈ క్రొత్త పద్ధతి. దీనిని అణుపద్ధతి యని పిలుతము. ఇందు సూక్ష్మజీవిని పెంచరు. దాని లోపలి డి.ఎన్.ఏ. యను అణువును చదువుదురు. జీవకణము ప్రతిదానిలోను మాంసకృత్తులను తయారుచేయు రైబోసోమనెడు పొయ్యి యొకటి కలదు. ఆ పొయ్యి లేక ఏ ప్రాణియు బ్రతుకదు గనుక, దానిని నిర్మించు జన్యువు తరతరములకు బహు మెల్లగా మాఱును. బాక్టీరియాలలో ఆ జన్యువొకటి సుమారు 1500 అక్షరముల పొడవుండును. అక్షరములు నాలుగు రకములే. రెండు జీవుల అక్షరములు ఎంత దగ్గఱగా కలిసిన వాని చుట్టఱికము అంత దగ్గఱ. మన యిండ్లలో ఇంటిపేరు చూచి శాఖలు చెప్పినట్లే యని బడిపిల్లలకు చెప్పెడిదానను. 1977లో కార్ల్ వోస్, జార్జి ఫాక్సు అనువారు ఈ తూకముతోనే జీవలోకమును తూచి, బాక్టీరియాలని యంతవఱకు అనుకొనిన వానిలో బొత్తిగా వేఱు వంశము వారు కొందఱున్నారని చూపిరి. తరువాతి దశాబ్దములో నార్మన్ పేస్ మొదలగువారు పళ్లెముతో నిమిత్తము లేకయే, మట్టినుండి, నీటినుండి నేరుగా ఈ అక్షరములను చదువుట మొదలిడిరి.

అయితే స్పంజినుండి తీసిన డి.ఎన్.ఏ. అత్యల్పము. దానిని చదువుటకు ముందు పెంచవలెను. 1983లో కేరీ మల్లిస్ కనుగొనిన యుపాయమున ఒక డి.ఎన్.ఏ. ముక్క రెండగును, రెండు నాలుగగును. ముప్పది మార్లు రెట్టించినచో ఒక్కటి నూఱుకోట్లు దాటును. ప్రతిమాఱును ఇంచుమించు నీరు మఱుగునంత వేడి చేయవలెను గనుక, ఆ వేడికి చెడని జీవరసము కావలసివచ్చెను. అది దొరకినది అమెరికాలో ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గలలోని యొక బాక్టీరియా యందు. 1966లో థామస్ బ్రాక్ దానిని కనుగొనినప్పుడు, వేడినీటిలో పురుగులతో ఏమి పనియని ఆయననును ఎవరో ఒకరు అడిగియే యుందురు.

మా పిల్ల చేయు పని వర్ణించుట సులభము, చేయుట కష్టము. తెల్లవాఱక మునుపే రేవునకు పోయి, వలలలో చిక్కినదానిని బెస్తవారు పాఱవేయుటకు ముందే స్పంజిని అడిగి తీసికొనవలెను. మంచుగడ్డలలో పెట్టి తేవలెను. శుద్ధిచేసిన సముద్రజలముతో పలుమాఱులు కడిగి, మెత్తగా నూఱి, కణములను పగులగొట్టి, డి.ఎన్.ఏ.ను వేఱు చేయవలెను. ఆ పిమ్మట రెట్టింపు, చదువు, ప్రపంచమందలి శాస్త్రజ్ఞులందఱును చేర్చిపెట్టిన అక్షరభాండారముతో పోల్చుట. నెల దినముల పని ఒక్క పొరపాటుతో వ్యర్థమగును.

ఆ పొరపాటు ఏమనగా అంటు. తన చేతిమీది బాక్టీరియా యొకటి గొట్టములో పడినను అదియును నూఱుకోట్లగును. కావున చేతికి తొడుగు, ప్రత్యేకమైన గది, ప్రత్యేకమైన పాత్రలు. ఒకదానికి వాడినది ఇంకొకదానికి వాడరాదు. స్పంజి వేసిన గొట్టములతోపాటు ఏమియు వేయని గొట్టమొకటి నడపవలెను. ఆ ఖాళీ గొట్టములో ఏమైన కనబడెనా, ఆ నాటి పనియంతయు పాఱబోయవలసినదే. గత వేసవిలో సెలవులకు వచ్చినప్పుడు ఆమె ఇదంతయు చెప్పుచుండగా, తొంబది యేండ్ల మా అమ్మ గోడకానుకొని వినుచు, “అట్లయితే మా మడి కంటే గట్టి మడేనే తల్లీ!” అనెను. పిల్ల పకపక నవ్వి, “ఔను అవ్వా. అయితే నీ మడిలో వచ్చేవాళ్లమీద అనుమానం. మా మడిలో నామీదే నాకు అనుమానం” అనెను. అవ్వ కొంచెముసేపు ఊరకుండి, “అట్లయితే కష్టమే” యనెను. ఈ యింట మడిని గూర్చి నేను నలువది యేండ్లు వాదించితిని. ఇంత సూక్ష్మమైన మాట నాకు తోచలేదు.

అణుపద్ధతి సర్వజ్ఞమని చెప్పుట నా యభిమతము కాదు. వలకన్ను ఎంత యుండునో చేప అంతయే పడును. డి.ఎన్.ఏ.ను రెట్టించుటకు మొదట దానిని పట్టుకొను చిన్న పట్టుకొమ్మలు కావలెను. అందఱికిని సరిపోవునని చేసిన పట్టుకొమ్మలకును చిక్కని వంశములు కలవు. మఱియు స్పంజి నిరంతరము నీటిని వడపోయుచుండును గనుక, లోపల దొరకినవారందఱును కాపురస్థులు కారు; కొందఱు బాటసారులు, కొందఱు భోజనము. అందుచేత స్పంజి చుట్టునుండు నీటినిగూడ పట్టి, అందు లేక స్పంజిలోనే సమృద్ధిగా నున్నవారెవరో చూడవలెను. పేరు తెలిసినంత మాత్రమున వృత్తి తెలియదు. అది మఱియొక పని.

ఇన్ని జాగ్రత్తలతో చూడగా తేలిన సంగతి మాత్రము ఆశ్చర్యకరము. 2002లో జర్మను పరిశోధకురాలు ఉటె హెన్ట్‌షెల్ మొదలగువారు, పరస్పరము వేలమైళ్ల దూరముననున్న సముద్రములలోని, చుట్టఱికము లేని స్పంజులలో ఒకే తీరు బాక్టీరియా సమూహములు కాపురమున్నవనియు, అవి చుట్టునున్న నీటిలోని వానికంటె వేఱనియు చూపిరి. 2004లో ఆ బృందమువారే పళ్లెమున పెరుగని ఒక క్రొత్త వంశమును గుర్తించి, కన్నములదేహము గల ప్రాణులలో ఉండునదని పోరిబాక్టీరియా యను పేరు పెట్టిరి. అంతకుమునుపు ఆ వంశమున్నట్లు ఏ పళ్లెమును చెప్పలేదు.

మన తీరమున సైతము ఈ కొలబద్ద నిద్రపోవుట లేదు. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమున చింతలపాటి శశికళగారును, హైదరాబాదు విశ్వవిద్యాలయమున చింతలపాటి వెంకటరమణగారును తమ శిష్యులతో మన తీరపు నీళ్లను వెదకి, వెలుగును తిని బ్రతుకు బాక్టీరియాలు పెక్కింటిని కనుగొనిరి. స్పంజులలోనివి కాకపోయినను, ఇవి మన యింటి గెలుపులే. వానిలో ఒకదానికి విశాఖపట్టణము పేరును, ఒకదానికి భీమిలి పేరును, మఱియొకదానికి కాకినాడ పేరును పెట్టిరి. ఆ పేర్లు 2007లో ప్రపంచపు పట్టికలకెక్కినవి. వీరు పళ్లెములోను పెంచిరి, అణువును చదివిరి. పాతదానిని పాఱవేయక క్రొత్తదానిని చేర్చుకొనుట నాకు నచ్చిన మార్గము.

ఇక ప్రయోజనమను ప్రశ్న. ప్రయోజనము చూపినగాని జ్ఞానమునకు గౌరవమీయని వారితో నాకు పడదు. అయినను అడిగినవారికి చెప్పవలసిన ఉత్తరము గట్టిదే. 1951లో బెర్గ్‌మన్, ఫీనీ అనువారు కరీబియను సముద్రపు స్పంజినుండి తీసిన వింత పదార్థములను ప్రకటించిరి. వాని పోలికమీద తయారైన సైటరాబీను అను మందు 1969లో అమెరికాలో అనుమతి పొంది, రక్తపు కేన్సరుకు నేటికిని వాడుకలో నున్నది. ఆ రోగముతో పసిపిల్లలు చనిపోవుచుండగా 1948లో తొలిసారి కొంత నిలువరించినది ఎమినోప్టెరిను. దానిని తయారుచేసిన పరిశోధనశాల కధిపతి మన భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ రెండు మందుల తీరును ఒక్కటే: కణమునకు కావలసిన పదార్థమునకు కవలవలె నుండి, దానిని మోసపుచ్చుట.

కాని స్పంజినుండి మందు తీయుట దారుణమైన పని. 1986లో జపానుదేశపు శాస్త్రజ్ఞులు 600 కిలోల స్పంజిని నూఱి, కేన్సరు కణములను చంపు హాలికాండ్రినును తీయగా దొరకినది 12.5 మిల్లీగ్రాములు. మందుకొఱకు సముద్రమును ఊడ్చివేయుట ఏమి న్యాయము? ఇచటనే కాపురస్థుల సంగతి ముఖ్యమగును. 2014లో జర్మనీ, జపాను మొదలగు దేశములవారు కలిసి, జపాను తీరమునందలి యొక స్పంజినుండి దొరకు ఔషధగుణము గల పదార్థములలో ఇంచుమించు అన్నింటిని చేయునది స్పంజి కాదనియు, దానిలో కాపురమున్న ఎంటోథియొనెల్లా యను బాక్టీరియా యనియు, దాని జన్యువులను చదివి తేల్చిరి. చేయువాడెవడో తెలిసినచో, వాని విద్యను పళ్లెమున పెరుగు వేఱొక సూక్ష్మజీవికి నేర్పు దారి దొరకవచ్చును. అప్పుడు స్పంజిని చంపనక్కఱలేదు. ఇంతకాలము ఇంటి యజమానికి దక్కిన కీర్తి లోపల పనిచేయువారిదని తేలుట స్త్రీలకు క్రొత్తవింత కాదు.

ఈ మాటలన్నియు మా చెల్లెలి భర్తకు చెప్పితిని. ఆయన కళ్యాణదుర్గము ప్రాంతమున పది యెకరముల ఎఱ్ఱనేలలో బుడ్డలు, అనగా వేరుసెనగ, వేయు రైతు. నాలుగు పంటలలో రెండు ఎండిపోవును. ఆయన అడ్డుచెప్పువాడు కాడు, సంతోషించువాడును కాడు. పైపెచ్చు గత యాశ్వయుజమున ఒక సంబంధము వచ్చెను. పిల్లవాడు చదువుకొన్నవాడు, మంచి యుద్యోగము. వారి కోరిక ఒక్కటే: పెండ్లియైన తరువాత ఈ క్రిముల పని మానవలెను, చదువు వ్యర్థము కాకుండ ఎచటనైన పాఠము చెప్పుకొనవచ్చును. మా చెల్లెలు దాదాపు ఒప్పుకొనెను. పిల్లకు ఇరువదియేడు నిండినవి, మఱల ఇట్టి సంబంధము రాదని ఆమె బెంగ. ఆ బెంగను నేను తేలికగా చూడను. మా సీమలో కఱవు వచ్చిన యేడు పెండ్లిండ్లుకూడ ఎండిపోవును.

పిల్ల వచ్చినది బుడ్డలు పెఱుకు దినములలో. తండ్రితో వాదింపలేదు. చేనిలోనికి పోయి ఒక చెట్టును పెఱికి, మట్టి దులిపి, వేరుమీది బుడిపెను గోటితో చిదిపి చూపెను. లోపల నెత్తురువలె ఎఱ్ఱగానుండెను.

“నాయనా, ఇది ఏమి?”

“బుడిపె. ఎఱ్ఱగా ఉంటే చెట్టు బాగుందని.”

“లోపల ఉండేవి నా స్పంజిలో ఉండేవాటి వంటివే.”

ఆమె చెప్పినది నిజము. గాలిలోని నత్రజనిని పట్టి పైరునకు ఆహారముగా మార్చునది ఈ బుడిపెలలో కాపురముండు బాక్టీరియాలే యని 1886లో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ చూపిరి. 1888లో బైయరింక్ వానిని వేఱుచేసి పెంచెను. పెక్కు పప్పుజాతులలో ఈ బాక్టీరియా వేరువెండ్రుకగుండ లోనికి పోవును. వేరుసెనగలో మాత్రము పిల్లవేరు పుట్టునప్పుడు ఏర్పడు పగులునుండి దూరును. లోపలి ఎఱ్ఱదనము మన నెత్తుటి వర్ణకమునకు చుట్టము. పటాన్‌చెఱువులో 1972లో వెలసిన ఇక్రిశాట్ సంస్థవారు వేరుసెనగకు మేలైన బాక్టీరియాలను వెదకి, ఎన్.సి. 92 అను రకమును విత్తనముతో వేసిరి. కదిరి 3 అను వంగడమున కొన్ని పరీక్షలలో దిగుబడి పెరిగినది. ఆ కదిరి 2022లో జిల్లాలు విడిపోవువఱకు మా జిల్లాయే. అయితే అన్నిచోట్లను ఇట్టి ఫలితము రాదు. మన నేలలో తరతరములుగా నున్న బాక్టీరియాలు ముందే వేరులలో చోటు పట్టుకొనును. క్రొత్తగా తెచ్చినది బయటనే నిలిచిపోవును. ఏ బుడిపెలో ఎవరున్నారో తెలియక, ఏది పనిచేసెను ఏది చేయలేదని చెప్పుట ఎట్లు? అది తెలియుటకు స్పంజులకు వాడు అణుపద్ధతియే ఇచటను కావలెను.

మా మఱిది చాలసేపు ఆ చెట్టును చేతిలో త్రిప్పి చూచుచు నిలిచెను. పిమ్మట, “పోయిన సారి పాకెట్టు మందు తెచ్చి విత్తనాలకు పట్టించినాను. అది లోపలికి పోయిందా లేదా నువ్వు చెప్పగలవా?” అని యడిగెను. చెప్పగలనని ఆమె యనెను. కాని పాకెట్టులోని బాక్టీరియా కూడ కొంచెము కావలెననెను. ఆయన ఇంటికి పోయి, కొట్టములో గడ్డపాఱల వెనుక పడియున్న సగము పాకెట్టును వెదకి తెచ్చెను.

చేనిలో నాలుగు మూలలనుండి నలువది చెట్లను తండ్రీకూతుండ్రు కలిసి పెఱికిరి. బుడిపెలను కోసి, సారాయపు సీసాలలో వేసి, ఏ మూలవి ఏ సీసాలోనివో మా చెల్లెలు చీటీలు వ్రాసి అంటించెను. ఆమె అక్షరములు గుండ్రముగా నుండును. చీటీలు వ్రాయుచునే, పెండ్లివారికి ఏమి చెప్పవలెనని భర్తను అడిగెను. పరిశోధన ముగియుటకు ఇంకను రెండేండ్లు పట్టును, ఆ తరువాతను పిల్ల ఆ పనియే చేయును, ఒప్పుకొనువారైన మాటలాడుదము అని చెప్పుమనెను. వారు ఇంకను బదులు చెప్పలేదు. సీసాల పెట్టె ప్రశాంతి ఎక్స్‌ప్రెస్సులో పిల్లతోపాటు విశాఖపట్టణము చేరినది.